ఆరు సోలార్ ప్లేట్లు, ఒక ఈస్టర్ ఫ్లెక్సీ

కరెంటు పోతే కొమరయ్యకు సంతోషంగా ఉండేది. ఈ మాట ఆయన భార్య అన్నమ్మతో తప్ప ఎవరితోనూ అనలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణాల ముందు, కోచింగ్ సెంటర్ల మెట్ల కింద వరసగా జనరేటర్లు ఉండే రోజులవి. లైట్లు ఆరిపోగానే "కొమరన్నా!" అని నాలుగు దిక్కుల నుంచి కేకలు వచ్చేవి. ఆయన ఒక్కో జనరేటర్ దగ్గరికి ఉరికి హ్యాండిల్ తిప్పేవాడు. ఫంక్షన్ హాల్లో అయితే వెలుగు రాగానే జనం ఈలలు వేసేవారు. ఆ ఈలలు పెళ్లికొడుక్కి కావు, తనకేనని కొమరయ్య లెక్క.

పుట్టింది చౌటుప్పల్ దగ్గర పల్లెలో. పదిహేడేళ్ల వయసులో వచ్చి కొత్తపేటలో మోటార్లకు వైండింగ్ చేసే షాపులో చేరాడు. చెవి పెట్టి విని ఇంజన్‌లో ఏ నట్టు వదులైందో చెప్పగలిగేంత పని నేర్చాడు. ఇప్పుడు అరవై దాటాయి. కరెంటు కోతలు తగ్గాయి, జనరేటర్లు ఒక్కొక్కటే పాత ఇనుము కొట్టుకు పోయాయి. చివరికి ఆయన చేతిలో మిగిలినవి రెండే. ఒకటి దిల్‌సుఖ్‌నగర్‌లో ఉపేంద్ర అనే అతని ఫంక్షన్ హాల్‌ది. రెండోది ఎల్.బి.నగర్‌లో తాను ఆరాధనకు వెళ్లే చర్చిది.

చర్చి జనరేటర్ ముసలిదైపోయింది. దాని డీజిల్ పొగకు సండే స్కూల్ పిల్లలు దగ్గుతున్నారు. పైగా మేడ మీద కొత్త హాలు కట్టి ఏసీలు పెట్టారు. ఇక దీన్ని తీసేసి ఏం పెట్టాలన్నది జనవరిలో కమిటీ ముందుకు వచ్చింది.

సెక్రటరీ ఆనంద్ కుమార్ పైపు గ్యాస్‌తో నడిచే జనరేటర్ కావాలన్నాడు. ఆయన టైర్ల షోరూంలో మేనేజరు. చర్చి పని పడితే ఇల్లు కూడా మరిచిపోయే మనిషి.

"బటన్ నొక్కితే స్టార్ట్. పొగ లేదు, వాసన లేదు. పైపు మన గేటు దాక వచ్చింది. ఆరాధన ఉన్నంతసేపు మన కరెంటు మనమే తయారు జేస్కుంటం. ఇంకేం గావాలె?"

సాధన లేచింది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పే అమ్మాయి. కమిటీలో అందరికంటే చిన్నది.

"అంకుల్, మనకు ఏసీలు గావాల్సింది పగటి ఆరాధనకు. గప్పుడే డాబా మీద ఎండ ఊకెనే పోతున్నది. సోలార్ పెడ్దాం. గ్యాస్ గూడ భూమిలకెల్లి తీసి కాల్చుడే గదా. పొగ మన కండ్లకు కనపడది, గంతే. కాల్చకముందు లీకైతే భూమిని గింకా ఎక్కువ వేడి జేస్తది."

దిల్‌సుఖ్‌నగర్‌లో స్టీలు సామాన్ల దుకాణం నడిపే రామమోహనరావు తల ఊపాడు. కోనసీమ నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా ఆయన మాట మారలేదు. "అమ్మాయి చెప్పింది నిజమండీ. మా ఊళ్లో కొబ్బరితోటల మధ్య గ్యాస్ బావి ఉండేది. మంట పగలూ రాత్రీ అలా మండుతూనే ఉండేది. మా చెట్లకి చీకటంటే ఏంటో తెలీదు. పైపు ఎక్కడ చిల్లు పడిందోనని మా అమ్మ పొయ్యి ముట్టించే ముందు గుమ్మంలోకొచ్చి వాసన చూసేదండీ."

"అన్నా, ముచ్చట మంచిగున్నది," అన్నాడు ఆనంద్ కుమార్. "ఏసీ నడుస్తదా నడ్వదా, గది జెప్పుండ్రి."

చివరికి అయ్యగారు, అంటే పాస్టరు, మధ్యే మార్గం చెప్పారు. ఫిబ్రవరి మొదలు మూడు నెలలు ఆరు ప్లేట్లు పెట్టి చూద్దాం. వారానికి సగటున ఎనభై యూనిట్లు వస్తే డాబా మొత్తం సోలార్. రాకపోతే గ్యాస్. సాధన తన లెక్కలన్నీ నాలుగు పేజీల కాగితంగా ఇంగ్లీషులో టైపు చేసి అందరికీ పంచింది. ప్లేట్లను సోమవారం, గురువారం కడిగే పని కొమరయ్యకు అప్పగించారు. ప్రతి ఆదివారం ప్రకటనల్లో, పుట్టినరోజుల తరువాత, ఆశీర్వాదానికి ముందు, ఆ వారం ఎన్ని యూనిట్లు వచ్చాయో చదివేది కూడా ఆయనే.

కొమరయ్యను పెట్టమన్నది సాధనే. దానికి కారణం ఉంది. ఆమె ఎలక్ట్రికల్ చదువుతానన్నప్పుడు ఆడపిల్లకు అదెందుకని ఇంట్లో గొడవైంది. కొమరయ్యే వాళ్లింటికి పోయి ఆమె తండ్రితో అన్నాడు: "తీగెకు ఆడ, మొగ తెల్వది. సదువనియ్యి." అప్పటి నుంచి ఆమెకు ఆయన పెదనాయిన.

మొదటి వారం ఎనభై ఏడు. రెండో వారం ఎనభై తొమ్మిది. కొమరయ్య అంకె చదవగానే చప్పట్లు. "వచ్చేవారం తొంభై గావాలె, సూర్యునికి జెప్పు సాధనా!" అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. అయ్యగారు కూడా నవ్వారు.

మూడో వారంలో గ్యాస్ జనరేటర్ కంపెనీ మనిషి ఎల్.బి.నగర్ సర్కిల్ దగ్గర టీ కొట్టులో కొమరయ్యను కలిశాడు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. అతను ఏమీ ఇవ్వలేదు, ఈయన ఏమీ తీసుకోలేదు. ఒక్క మాట అన్నాడు అంతే.

"సోలార్ పెడితే మీతోటి పనేమున్నది పెద్దాయనా? పొద్దుగాల దానంతట అదే లేస్తది, పొద్దూకితే దానంతట అదే పంటది. మా మిషన్‌కైతే ఆపరేటర్ గావాలె. మీ పేరే రాస్త."

ఆ గురువారం మోకాలు నొప్పిగా ఉంది. నిజంగానే ఉంది. కొమరయ్య డాబా ఎక్కలేదు. సోమవారం నొప్పి లేదు, అయినా ఎక్కలేదు. హైవే పక్కన రోడ్డు తవ్వుతున్నారు. దుమ్ము తెల్లగా వచ్చి పడుతోంది. దాని మీద పావురాల రెట్టలు. డెబ్బై నాలుగు. అరవై ఆరు.

మార్చి నడుమ ఆనంద్ కుమార్ పన్నెండు అడుగుల ఫ్లెక్సీ తెచ్చి ఇచ్చాడు. ఈస్టర్‌కు ముందు జరిగే శ్రమల దినాల కూటాలు, ఈస్టర్ శుభాకాంక్షలు, పైన అయ్యగారి పెద్ద ఫోటో, కింద వరసలో కమిటీ వాళ్ల చిన్న ఫోటోలు. చివర మూలకు కొమరయ్యది కూడా ఉంది.

"రోడ్డు మీదికి కనపడాలె కొమరన్నా."

గేటు స్తంభాలకు కట్టినా కనపడేది. కొమరయ్య పైకి తీసుకుపోయి డాబా తూర్పు పిట్టగోడకు రెండు కర్రలు నిలబెట్టి కట్టాడు. మర్నాడు పొద్దున ఎక్కి చూశాడు. ఫ్లెక్సీ నీడ కింది వరసలోని మూడు ప్లేట్ల మీద పడుకుని ఉంది. పదకొండు దాకా అలాగే ఉంది. ఆరు ప్లేట్లూ ఒకే తీగకు వరసగా కట్టినవి. ఒక్కదాని మీద నీడ పడినా మొత్తం వరస బలం తగ్గుతుంది. నలభై ఏళ్లు తీగలతో బతికిన మనిషికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ముడి మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. విప్పడానికి అయిదు నిమిషాలు. విప్పలేదు. ఈస్టర్ ఫ్లెక్సీ ఎందుకు కట్టావని ఏ విశ్వాసి అడుగుతాడు?

ఆయన్ని వెనకేసుకు రావడానికి ఇది రాయడం లేదు. భయపడ్డాడు, నిజమే. పనికిరాని వాడినవుతానన్న భయం ఎవరికైనా భయమే. కానీ ఆ భయాన్ని ఎవరి మీదికి తోశాడు? తనను నమ్మిన పిల్ల మీదికి.

యాభై రెండు. నలభై ఏడు. నలభై నాలుగు. అంకె చదువుతున్నప్పుడు కొమరయ్య ఆడవాళ్లు కూర్చునే వైపు చూడడం మానేశాడు. మూడో బెంచీలో సాధన చీర కొంగు వేలికి చుట్టుకుంటూ తల దించుకుని కూర్చునేది.

"సూర్యుడు లీవు పెట్టిండా సాధనా?" అని వెనక బెంచీ నుంచి ఒకరు.

"లీవు గాదు, ట్రాన్స్‌ఫర్ అయిండట!"

ఎండ మాత్రం బయట నిప్పులు చెరుగుతోంది. సాధన రెండు శనివారాలు వచ్చి కింద గదిలో మీటరు పెట్టె విప్పి చూసింది, తీగల జాయింట్లు మార్చింది. డాబా మీదికి పోవాలంటే మెట్ల చివర ఇనుప నిచ్చెన ఎక్కాలి, దాని తలుపు తాళం కొమరయ్య దగ్గరే ఉంటుంది.

"పెదనాయినా, ప్లేట్లు కడుగుతున్నవా?"

"కడుగుతున్న బిడ్డా."

"నువ్వు కడుగుతున్ననంటే ఇంక నేనెక్కి చూసుడెందుకు. నా లెక్కల్నే ఏదో తప్పున్నది."

ఆమె పెట్టె మూసి వెళ్లిపోయింది. కొమరయ్య ఆ పూట మధ్యాహ్నం దాకా చర్చి మెట్ల మీద కూర్చున్నాడు. పైకి పోయి కడిగేయవచ్చు. కడిగితే వచ్చే ఆదివారం అంకె లేస్తుంది. లేస్తే ఇన్ని వారాలు ఏమైందని అడుగుతారు. అలా కూడా ఆలోచించాడు. తప్పు చేసిన మనిషికి దాన్ని దిద్దుకోవడం కూడా తన మీద సాక్ష్యంలాగే కనపడుతుంది.

ఏప్రిల్ ముప్పయ్యో తేదీ, శనివారం కమిటీ కూర్చుంది. సగటు అరవై కూడా దాటలేదు.

"నా మనసు ఇటే ఉందండీ," అన్నాడు రామమోహనరావు సాధన వైపు చూపిస్తూ. "కానీ అంకెలు అలా చెప్తుంటే ఏం చేస్తాం?"

ఆదివారం ఆరాధన అయ్యాక గ్యాస్ కంపెనీతో ఒప్పందం మీద సంతకాలు పెడదామన్నారు. అప్పుడు సాధన లేచి నిలబడింది.

"నా లెక్క తప్పింది. మూడు నెల్లు అందరి టైం తీస్కున్న. మాఫ్ జెయ్యుండ్రి."

"అయ్యో, పర్వాలేదమ్మా," అన్నాడు ఆనంద్ కుమార్, మంచి మనసుతోనే. "చిన్నదానివి. నేర్చుకుంటవ్."

అరవై మంది పిల్లలకు పాఠం చెప్పే మనిషి ఆమె. ఆ మాటకు ఆమె మెడ దాకా ఎర్రబడింది. స్విచ్ బోర్డు పక్కన నిలబడ్డ కొమరయ్య అది చూశాడు. తన కాలి చెప్పుల వైపు చూసుకున్నాడు. చెప్పుల మీద కూడా ఆ తెల్ల దుమ్మే ఉంది.

ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చుని అన్నం కలపలేదు.

"ఏందయ్యా, ఏమైంది?" అంది అన్నమ్మ.

చెప్పాడు. మోకాలి నొప్పి దగ్గర మొదలుపెట్టి ఫ్లెక్సీ దాకా చెప్పాడు. ఆమె తోటకూర తుంచడం ఆపింది.

"పిల్ల అందరి ముందర మాఫీ అడిగిందా?"

"అడిగింది."

"నువ్వేం జేసినవ్?"

"నిలవడ్డ."

అన్నమ్మ తోటకూర పళ్లెం పక్కకు జరిపింది. తరువాత ఒకటే అడిగింది: "రేపు మొదటి ఆదివారం. ప్రభు బల్లకు చెయ్యి సాపుతవా?"

నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. ఎవరితోనైనా తప్పు పెట్టుకున్నవాడు ముందు దాన్ని దిద్దుకుని రావాలన్నది ఆ చర్చిలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన పద్ధతి. మర్నాడు కొమరయ్య బెంచీ వరస లేచినప్పుడు ఆయన లేవలేదు. మోకాళ్లు పక్కకు తిప్పి మిగతా వాళ్లకు దారి ఇచ్చాడు. ఆనంద్ కుమార్ వంగి, "మోకాలా అన్నా? అయ్యగారిని ఈడికే రమ్మందునా?" అన్నాడు.

"కాదు. నువ్వు పో."

నలభై ఏళ్లలో ఆయన బల్ల తప్పడం అదే మొదలు. వెనక బెంచీల్లో గుసగుసలు మొదలయ్యాయి.

ప్రకటనలు వచ్చాయి. పుట్టినరోజులు అయ్యాయి. కొమరయ్య మైకు దగ్గరికి వెళ్లాడు. ఆఖరి వారం అంకె అందరికీ ముందే తెలుసు. వినాలన్న ఆసక్తి ఎవరికీ లేదు, చెప్పుల కోసం కాళ్లు వెతుక్కుంటున్నారు.

"నలభై మూడు," అన్నాడు. "గీ అంకె ఎండది గాదు. నాది. రెండు నెల్ల సంది నేను ప్లేట్లు కడగలే. కడుగుతున్ననని సాధనకు అబద్ధం జెప్పిన. ఫ్లెక్సీ నీడ పడ్తదని తెల్సి గూడ గాడనే ఉంచిన. పిల్ల లెక్క తప్పలే. గ్యాస్ మిషన్ వస్తే నాకు పనుంటదని జేసిన."

కొమరయ్య మైకు ఆపడం మరిచిపోయాడు. ఆయన ఊపిరి స్పీకర్లలో అందరికీ వినపడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. "అయ్యో కొమరయ్యా" అని ఒక ముసలామె అంది. అది జాలో తిట్టో తెలియలేదు.

సాధన లేచి వచ్చి చెయ్యి చాపింది. ఆయన తాళం చెవి ఇచ్చాడు. ఆమె ఆయన ముఖం చూడకుండా మెట్లెక్కింది. కాసేపటికి పై నుంచి బకెట్ చప్పుడు, నీళ్లు తూముల్లోంచి పడే చప్పుడు. ఫ్లెక్సీ తాళ్లు కోసినట్టుంది, అది చుట్టుకుని మేడ మీద నుంచి కింద పడింది. అరగంటకు ఆమె దిగి, మీటరు చూసి వచ్చింది. చీర కుచ్చిళ్లు తడిసి మట్టి కొట్టుకున్నాయి.

"బిడ్డా..." అన్నాడు కొమరయ్య.

"కొమరయ్య గారూ," అంది ఆమె. చుట్టూ కమిటీ వాళ్లందరూ ఉన్నారు. "కడగంగనే మీటర్ లేచింది. కడిగితే లేస్తదని నాకు ముందుగాలనే తెలుసు. నాకు తెల్వంది ఒకటే. సోలార్ వస్తే మీకు పనుంటదా అని నన్నెందుకు అడగలే? డాబా మొత్తం పెడితే నలభై ప్లేట్లు. కడగాలె, బ్యాటరీలు సూడాలె, తీగెలు ఎలుకలు కొరక్కుంట సూడాలె. రోజూ ఉండే మనిషి గావాలెనని జనవరి కాగితంల మూడో పేజీల రాసిన. మీ పేరే రాసిన."

కొమరయ్యకు ఇంగ్లీషు రాదు. మిగతా వాళ్లకు వచ్చు. వాళ్లెవరూ మూడో పేజీ దాకా పోలేదు. రామమోహనరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆనంద్ కుమార్ గోడ గడియారం వైపు చూశాడు.

సంతకాలు ఆగాయి. ఆనంద్ కుమార్ మాత్రం కొమరయ్యను పక్కకు లాక్కుపోయి కోపంగా అన్నాడు: "నీ తప్పుల నన్ను గూడ కలిపినవ్ గదన్నా. ఫ్లెక్సీ ఇచ్చింది నేను. నేనే కట్టిచ్చిన అనుకోరా మంది?" అదీ నిజమే. కొందరు అలాగే అనుకున్నారు, ఇప్పటికీ అనుకుంటున్నారు.

మళ్లీ మూడు నెలలు చూడాలని నిర్ణయించారు. కానీ మంచి ఎండ నెలలు గడిచిపోయాయి. ఇక వచ్చేది జూన్, ముసురు. ఒప్పుకున్న ఎనభై ఆ నెలల్లో రావడం కష్టం. సాధన పేచీ పెట్టలేదు. "వానకాలం లెక్క వానకాలం లెక్కనే. గది గూడ రాసి, ఎండకాలం మల్ల సూద్దాం," అంది. కడిగే పని యూత్ వాళ్లకు ఇచ్చారు. కొమరయ్య చేసిన పని వల్ల ఒక ఏడాది పోయింది. ఆ ఏడాది పొడవునా పాత డీజిల్ పొగే సండే స్కూల్ పిల్లలు పీలుస్తారు. క్షమించామని అయ్యగారు ప్రార్థనలో అన్నా ఆ పొగ ఆగదు కదా.

ఒక చర్చి డాబా మీద జరిగిందే పెద్ద పెద్ద చోట్ల కూడా జరుగుతుంది. ఎండ కరెంటుకూ గాలి కరెంటుకూ కావలసిన తీగలు వెయ్యరు, బ్యాటరీలు పెట్టరు, మనుషుల్ని ఇవ్వరు. ఆ తరువాత అంకె చదివి, చూశారా, దీంతో కాదు, గ్యాసే దిక్కు అంటారు. తేడా ఏమిటంటే వాళ్లలో ఎవరూ మైకు దగ్గరికి వచ్చి ఆ అంకె నాది అని చెప్పరు.

జూలైలో ఒకరోజు ఫంక్షన్ హాల్ ఉపేంద్ర కొమరయ్యను పిలిపించాడు. ఆ గ్యాస్ కంపెనీ మనిషే ఇక్కడికీ వచ్చాడట.

"కొమరన్నా, గ్యాస్ బెటరా, సోలార్ బెటరా? నువ్వేదంటే గది."

కొమరయ్య ముందు చర్చిలో తాను చేసింది చెప్పాడు. అప్పటికి చాలామందికి చెప్పాడు. ఎన్నిసార్లు చెప్పినా ఫ్లెక్సీ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిపోతుంది. ఉపేంద్ర పగలబడి నవ్వాడు.

"ఓర్నీ! దేవుని ఫ్లెక్సీ అడ్డం పెట్టినవా? మరి గిప్పుడు నీ మాటెట్ల నమ్మాలె?"

"నమ్మకు. నాతోని పైకి రా."

ఇద్దరూ డాబా ఎక్కారు. మబ్బు పట్టి ఉంది. పడమటి వైపు కొత్తగా లేచిన ఆరంతస్తుల షాపింగ్ కాంప్లెక్స్ గోడ. కొమరయ్య దాని ఎత్తు కంటితో కొలిచాడు.

"మూడు దాటితే గీ మూలకు ఎండ రాదు. సగం డాబానే పనికొస్తది. నీ పెండ్లిళ్లు రాత్రి గాబట్టి బ్యాటరీలు గావాలె. లేకుంటే కరెంటు పోంగనే సోలార్ గూడ బందైతది. సగమైనా గ్యాస్ కంటె గిదే మేలని నేనంట. నీకు లెక్క గావాలంటే సాధనమ్మను పిలిపియ్యి."

"నీ పేరు జెప్పాల్నా ఫోన్ల?"

కొమరయ్య పిట్టగోడ పట్టుకుని కిందికి, రోడ్డు వైపు చూశాడు.

"చెప్పు," అన్నాడు. "నా పేరు వింటే సాధనమ్మ ప్రతిదీ రెండుసార్లు సూస్కుంటది. నీకే మంచిది."